కాళ్లు ఫ్రేములో లేవు

పోయిన మాఘంలో జరిగిన ఒక పెళ్లి తాలూకు సంగీత్ ఎడిటింగ్‌కి కూర్చున్నాను. రాత్రి పదకొండు దాటింది. విజయవాడలో తొమ్మిదేళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడమే నా పని. 2022 నుంచి ఇప్పటిదాకా ‘నాటు నాటు’ లేని సంగీత్ నా దగ్గరికి వచ్చిన గుర్తు లేదు, అందుకే ఆ పాట మొదలవగానే ఎక్కడ కట్ చేయాలో చేతికి దానంతటదే తెలిసిపోతుంది. ఈసారి మాత్రం ఆగిపోయాను. పెళ్లికొడుకు బాగానే వేశాడు, వారం రోజులు ప్రాక్టీసు చేసినట్టు తెలుస్తూనే ఉంది. కానీ పెళ్లికూతురు! చెప్పులు పక్కన విడిచేసి, లెహంగాని రెండు చేతులతో జానెడు పైకెత్తి పట్టుకుని ఆ స్టెప్పు వేస్తుంటే, పక్కన ఉన్న కుర్రాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయి ఆమెకు చోటు ఇచ్చేశారు.

ఇదంతా నాకు కనిపించింది హాలు చివర ట్రైపాడ్ మీద పెట్టి వదిలేసిన కెమెరాలో. అందులో అందరూ చీమల్లా ఉన్నారు. స్టేజీ ముందు గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పరికరం) పట్టుకుని తిరిగిన కెమెరాలో, అంటే నేను వాడుకోవాల్సిన అసలు ఫుటేజ్‌లో, ఆమె నడుము పైనుంచి మాత్రమే ఉంది. ముఖం, జుంకాలు, నవ్వు, చెమటకు నుదుటికి అంటుకున్న జుట్టు. అదే పాటలో, అదే కెమెరాలో, పెళ్లికొడుకు తల నుంచి బూట్ల దాకా ఉన్నాడు.

కెమెరా పట్టిన కుర్రాడికి ఫోన్ చేశాను. మంచి పనివాడు, నన్ను అక్కా అని పిలుస్తాడు.

“పెళ్లికూతురి కాళ్లేవిరా?”

“అదేంటక్కా, పారాణి క్లోజప్ తీశాను కదా. మెట్టెలది కూడా ఉంది, మాక్రో లెన్సు వేసి మరీ తీశా.”

నిజమే. రెండూ చాలా బాగా తీశాడు. పీట మీద కదలకుండా పెట్టిన రెండు పాదాలు, పారాణి ఎరుపు, వెనక మసకగా అరిటాకు పచ్చ. నేను అడిగింది ఆ కాళ్ల గురించి కాదని అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, “అవునక్కా, నేను అసలు కిందికి చూడలేదు,” అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఆడపిల్ల డాన్స్ చేస్తుంటే కెమెరా ఎక్కడికి వెళ్లాలో అతనికి చిన్నప్పటి నుంచీ చూసిన పాటలు నేర్పాయి. నాకూ అవే నేర్పాయి, లేకపోతే ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ముందే అడిగి ఉండేదాన్ని.

ఆ రాత్రి పని పక్కన పెట్టి ‘నాటు నాటు’ వీడియో సాంగ్‌ను సౌండ్ తీసేసి చూశాను. ఒకసారి కాదు, ఎన్నిసార్లో లెక్క లేదు. (సౌండ్ తీసేసి చూడడం ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లందరికీ చెబుతాను. పాట వినబడుతుంటే కన్ను దాని వెంట పోతుంది, కెమెరా ఏం చేస్తోందో కనబడదు.) ఆ పాట గురించి అందరికీ తెలిసిన సంగతులు ఒక్క మాటలో చెప్పేస్తాను: రాజమౌళి ‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమా, కీరవాణి సంగీతం, చంద్రబోస్ రాత, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతులు, ప్రేమ్ రక్షిత్ నృత్యాలు, కె.కె. సెంథిల్ కుమార్ కెమెరా. 2023 మార్చిలో ఆస్కార్. నాకు కావలసింది ఆ చివరి రెండు పేర్లు చేసిన పని.

ముందు గమనించాల్సింది ఫ్రేము సైజు. పాటలో కట్‌లు తక్కువేం కాదు, కెమెరా కూడా కుదురుగా ఉండదు. కానీ ఇద్దరు హీరోలూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఆ ప్రధానమైన స్టెప్పు వేసే చోట కెమెరా ఎదురుగా నిలబడి, ఇద్దర్నీ నిండుగా, తల నుంచి బూట్ల దాకా, వెనక భవనం సరిగ్గా మధ్యకి వచ్చేలా పెట్టి చూపిస్తుంది. ఎందుకంటే ఆ స్టెప్పు ఉన్నదే కాళ్లలో. పైగా అక్కడ గొప్పతనమంతా ఇద్దరి కాళ్లూ ఒకే క్షణంలో లేచి ఒకే క్షణంలో దిగడంలో ఉంది. రాజమౌళి షాట్‌ను ఎక్కడికక్కడ ఆపి ఇద్దరి కాళ్లూ చేతులూ కలిశాయా లేదా అని చూసేవారని ఎన్టీఆర్ ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఎడిటర్‌గా నాకు ఇందులో ఒక విషయం బాగా తెలుస్తుంది: నడుము దగ్గర కోసేసే ఫ్రేము పెడితే ఆ కష్టమంతా అక్కర్లేదు. కాళ్లు కలవకపోయినా ఎవరికీ తెలియదు. నిండు ఫ్రేము పెట్టావంటే ఆ ఆడే మనిషిని నమ్మినట్టు. 1930లలో హాలీవుడ్‌లో ఫ్రెడ్ ఆస్టేర్ తన డాన్సులన్నీ ఒళ్లంతా కనబడేలా, వీలైనంత తక్కువ కట్‌లతో తీయాలని పట్టుబట్టేవాడు. అదీ ఇందుకే.

ఇంకొకటి, కెమెరా ఎత్తు. చాలాచోట్ల నేల దగ్గరికి దిగుతుంది. బూట్లు నేలను కొట్టడం, మట్టి లేవడం, కింది నుంచి చూస్తే ఆ కాళ్లు స్తంభాల్లా కనబడడం. మన పాటల్లో కెమెరా కింది నుంచి పైకి పాకడం కొత్తేం కాదు, హీరోయిన్ పాదం దగ్గర మొదలై మెల్లగా పైకి వెళ్లే షాట్లు ఎన్ని వందలు చూశాం. ఆ పాకడానికీ ఈ దిగడానికీ తేడా ఉంది. అక్కడ కాలు పైకి వెళ్లడానికి మొదటి మెట్టు మాత్రమే. ఇక్కడ చూడాల్సింది కాలునే, అది చేస్తున్న పనినే.

లారా మల్వీ అనే బ్రిటిష్ సినిమా పండితురాలు 1975లో ‘స్క్రీన్’ పత్రికలో ఒక వ్యాసం రాసింది, ఇప్పటికీ సినిమా చదువుకునేవాళ్లు ఎక్కడున్నా దాన్ని చదవాల్సిందే. ఆవిడ చెప్పిన దాంట్లో నాకు బాగా అంటుకుపోయింది ఏమిటంటే, కథను ముందుకు నడిపేవాడు మగవాడు, ఆడది తెర మీదికి వచ్చేసరికి కథ కాసేపు ఆగిపోయి చూడడం మొదలవుతుంది అని. ఆ ముక్క చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది సినిమా కాదు, షాట్లను వరసగా పేర్చుకునే నా ఎడిటింగ్ టైమ్‌లైన్. పెళ్లికూతురి షాట్లన్నీ సెకనుకు 120 ఫ్రేముల్లో తీస్తాం, 25లో వాడతాం, అంటే దాదాపు అయిదింతలు నెమ్మది. ఆమె తల తిప్పడం, కనురెప్ప వాల్చడం, వేలు జుంకాకి తగలడం. పెళ్లికొడుకు కారు దిగి నడిచి వస్తాడు, కళ్లద్దాలు పెట్టుకుంటాడు, మామూలు వేగంలో, ఒక్కోసారి ఇంకా వేగంగా. వాళ్లిద్దరి కాలాన్ని రెండు రకాలుగా నడిపింది నేనే. ఎవరూ అలా చెయ్యమని నాకు చెప్పలేదు.

మరి ‘నాటు నాటు’లో మగవాళ్లను కదా చూపిస్తున్నారు, వాళ్లే కదా చూడముచ్చటగా ఉన్నారు, లెక్క తిరగబడినట్టే కదా అంటే, అంత తొందరపడకూడదు. 1982లో అదే పత్రికలో రిచర్డ్ డయ్యర్ ఇంకో వ్యాసం రాశాడు, మగవాళ్ల ఫొటోల గురించి. మగవాణ్ని కేవలం చూడడానికే నిలబెట్టినప్పుడు కూడా అతను ఏదో పనిలో ఉన్నట్టే చూపిస్తారు, పని లేకపోతే కనీసం కండ బిగించి ఉంటుంది, ఊరికే చూపులకు అప్పగించరు అంటాడు. ఈ పాట సరిగ్గా అలాంటిదే. ఎన్టీఆర్, రామ్‌చరణ్ ఆ నాలుగైదు నిమిషాలూ పూర్తిగా చూపులకు దొరికే ఉన్నారు, కానీ ఒక్క క్షణం కూడా ఊరికే లేరు. చెమట పట్టేలా పని చేస్తూ ఉన్నారు. వాళ్లను చూడడమంటే వాళ్ల శ్రమను చూడడం. నాకు ఇందులో తప్పేం కనబడలేదు. నాకు అసూయ పుట్టింది. మా పెళ్లికూతురు చేసింది కూడా శ్రమే, ఆమె కూడా చెమట పట్టేలా ఆడింది. ఆమె చెమట మాకు జుట్టు నుదుటికి అంటుకున్న అందంగా కనబడింది తప్ప దాని కారణం ఫ్రేములో లేదు.

ఇక రంగుల సంగతి. ఆ వెనక కనబడే భవనం కీవ్‌లోని మరియిన్‌స్కీ ప్యాలెస్, ఉక్రెయిన్ అధ్యక్షుడి అధికార నివాసం. 2021 ఆగస్టులో తీశారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ ఊరి మీద యుద్ధం వచ్చిపడింది, ఇప్పుడు ఆ లేతనీలం గోడలు ఎప్పుడు చూసినా నాకు ముందు అదే గుర్తొస్తుంది, పాట తర్వాత గుర్తొస్తుంది. సరే, రంగుగా చూస్తే: లేతనీలం గోడ, తెల్లటి స్తంభాలు, కత్తిరించి పెట్టిన పచ్చగడ్డి, ఆడవాళ్ల లేతరంగు గౌన్లు. అంతా కడిగి ఆరేసినట్టు ఉంటుంది. ఎక్కడా మరక లేదు. దాని మధ్యలోకి మట్టికి దగ్గరి ఛాయల బట్టలతో ఇద్దరు మనుషులు వచ్చారు. సినిమా మొత్తంలో రామ్‌కి (రామ్‌చరణ్) నిప్పు, భీమ్‌కి (ఎన్టీఆర్) నీరు గుర్తులుగా పెట్టారు, సినిమా మొదట్లో వాళ్లను పరిచయం చేసే దగ్గరే ఆ మాట చెప్పేస్తారు. ఈ పాటలో మాత్రం ఆ రెండూ పక్కకి తప్పుకున్నాయి. ఇద్దరివీ ఒకే తీరు బట్టలు, భుజాల మీద ఒకే తీరు సస్పెండర్లు. నిప్పూ నీరూ కాదు, ఇద్దరూ మట్టే. చంద్రబోస్ పల్లవి కూడా పొలంగట్టు దుమ్ములోకి గిత్త దూకడంతోనే మొదలవుతుంది. ముందు మాటలో దుమ్ము వచ్చింది, తర్వాత ఆడేవాళ్ల కాళ్ల కింద నిజం దుమ్ము లేచింది, ఆ కడిగి ఆరేసిన బొమ్మ మీద పడింది. గ్రేడింగ్, అంటే వీడియోలో రంగులు సరిదిద్దడం, చేసేదాన్ని కాబట్టి చెబుతున్నాను, దుమ్మును ఒక రంగుగా వాడడం తేలిక కాదు. కొంచెం తేడా వస్తే బొమ్మంతా పాలిపోయినట్టు ఉంటుంది. ఇక్కడ అది గోడల నీలానికి ఎదురుగా నిలబడింది. ఇంగ్లీషువాడికి అది మురికి, మనకు అది ఊరు.

ఆ దుమ్ములోకి తమంతట తాము ముందుగా వచ్చింది ఎవరో చూశారా? ఆడవాళ్లు. ఆ దొరల పార్టీలో జేక్ అనే ఇంగ్లీషు కుర్రాడు మనవాళ్ల ఆటను ఈసడించుకుంటున్నా, గౌన్లు వేసుకున్న అమ్మాయిలు నవ్వుకుంటూ వచ్చి స్టెప్పులు కలుపుతారు. మగవాళ్లు ఆ తర్వాత పంతానికి దిగుతారు, ఒక్కొక్కరే కూలబడతారు. అంటే ఆ పాటలో మనసు ముందు మారేది ఆడవాళ్లదే, మన ఆటలో ఆనందం ఉందని ముందు కనిపెట్టేది వాళ్లే. ఇది నాకు నచ్చింది. కానీ కెమెరా వాళ్లను ఎలా చూపించిందో చూస్తే, ఎక్కువగా రియాక్షన్ షాట్లు. చప్పట్లు, ఆశ్చర్యం, కేరింతలు. రియాక్షన్ షాట్ పనేమిటో మాకు బాగా తెలుసు. పెళ్లిలో తాళి కట్టగానే అమ్మ కళ్లు తుడుచుకోవడం వేస్తాం, చూసేవాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటారు. ఆ షాట్‌లో ఉన్న మనిషి తన కోసం ఉండదు. ఇంకొకరిని ఎలా చూడాలో మనకు చెప్పడానికి ఉంటుంది.

పాట చివర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పోటీలో మిగిలింది రామ్, భీమ్. భీమ్‌తో స్నేహంగా ఉన్న ఇంగ్లీషు అమ్మాయి జెన్నీ, అతనే గెలవాలని చూస్తోందని రామ్‌కి అర్థమవుతుంది, కాలు పట్టేసినట్టు నటించి పడిపోతాడు. స్నేహితుడి కోసం స్నేహితుడు ఓడిపోవడం, ఎంత మంచి సన్నివేశం అది, నాకు చూసిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. అదే సమయంలో ఆ గెలుపు జెన్నీ కళ్లముందు జరగాలి కాబట్టే జెన్నీ అక్కడ ఉంది. ఇద్దరు మగవాళ్ల ప్రేమకు ఆమె సాక్షి, ఆమె ఇష్టం ఆ ప్రేమకు ఒక సందర్భం.

మరి మన ఆడపిల్ల? ఈ మాట రాయడానికి నాకు బాధగానే ఉంది. నాటు అంటే ఏమిటో ప్రపంచానికి చూపించిన ఆ నాలుగైదు నిమిషాల్లో మన ఆడపిల్ల ఒక్కతీ ఆడదు. కథ ప్రకారం కుదరదు, ఒప్పుకుంటాను. 1920లలో దొరల పార్టీకి మన ఆడపిల్ల ఎలా వస్తుంది? గోండు పిల్ల మల్లి దొరసాని దగ్గర బందీగా ఉంది, ఆమెను విడిపించడానికే భీమ్ ఆ జెన్నీతో స్నేహం చేసింది. కథ సరే. పాట మాటల్లో అయినా చూడండి: పొట్లగిత్త, పోతరాజు, కర్రసాము, మర్రిచెట్టు నీడన కుర్రగుంపు. ఒక్క పోలేరమ్మ పేరు మాత్రం ఉంది, అదీ ఆమె జాతరలో పోతరాజు ఊగాడని చెప్పడానికి.

మా అమ్మమ్మ వాళ్లది పల్నాడులో ఒక చిన్న ఊరు. పోలేరమ్మ కొలుపులు అక్కడ చూశాను. పోతరాజు ఊగుతాడు, నిజమే. కానీ పొంగలి కుండలు నెత్తిన పెట్టుకుని డప్పుకు తగ్గట్టు అడుగులు వేస్తూ గుడి దాకా వెళ్లేది ఆడవాళ్లు. పూనకం వచ్చి, జుట్టు విరబోసుకుని, నలుగురు పట్టుకున్నా ఆగకుండా ఊగేది కూడా ఎక్కువగా ఆడవాళ్లే. తెలంగాణలో బోనాలకు వెళ్లి, అమ్మవారు పూని ఊగే శివసత్తులను చూడండి. అరకు వెళ్తే గిరిజనుల థింసా ఆట, ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు కలిపి ఆడవాళ్లంతా ఒకే అడుగుగా కదులుతారు. ఇద్దరు హీరోలు కష్టపడి సాధించిన ఆ కలయికను అక్కడ చాలామంది ఆడవాళ్లు కలిసి చూపిస్తారు. బతుకమ్మ, గొబ్బి, కోలాటం, అన్నీ కాళ్ల ఆటలే. మన నేల మీద దుమ్ము లేపినవాళ్లలో ఆడవాళ్లు సగం కంటే తక్కువేం లేరు. నాటుతనం మగవాళ్ల సొత్తు ఎప్పుడైందో నాకు తెలియదు గానీ, ఆ మాట వాడకంలోనే తేడా దాక్కుని ఉంది. నాటుకోడి అంటే నోరూరుతుంది, హీరో నాటుగా ఉన్నాడంటే పొగిడినట్టు. పెళ్లికూతురి మేకప్ నాటుగా ఉందంటే తిట్టు. “కొంచెం క్లాస్‌గా చెయ్యండి” అని ఆ వెంటనే వస్తుంది.

అదే రోజుల్లో వచ్చిన ఇంకో పాట ఇక్కడ చెప్పాలి. ‘పుష్ప’లో ‘ఊ అంటావా’. అదీ చంద్రబోస్ రాసిందే, ఈ రెండు పాటలూ 2021 చివర్లో నెల తేడాతో బయటికి వచ్చాయి. ఆ పాటలో మాట చాలా సూటిగా ఉంటుంది: మేం చీర కట్టినా గౌను వేసినా, తెల్లగా ఉన్నా నల్లగా ఉన్నా, తేడా మా బట్టల్లో లేదు, మీ చూపులో ఉంది అని. ఇంద్రావతి చౌహాన్ గొంతు ఆ మాటను నిలదీసినట్టే పాడింది. మగవాళ్లను అవమానించారని పురుషుల సంఘం ఒకటి కోర్టుకెక్కిందని అప్పట్లో వార్తలు కూడా వచ్చాయి. కానీ సౌండ్ తీసేసి చూడండి. చుట్టూ మగవాళ్ల గుంపు, మధ్యలో సమంత, కెమెరా ఆమె నడుము మీదికీ వీపు మీదికీ వెళ్లి వస్తూ ఉంటుంది. మాట దేన్ని తప్పంటోందో కెమెరా అదే చేస్తోంది. సమంత ఆ పాటలో ఎంత ధీమాగా చూస్తుందో నాకు తెలుసు, ఆ చూపు ఆమె సొంతం, అది ఎవరూ కత్తిరించలేకపోయారు. కానీ ఒక పాటకు రెండు నోళ్లు ఉన్నప్పుడు జనానికి ఎక్కువ వినబడేది కెమెరా మాటే. సంగీతుల్లో ఆ పాటకు ఆడపిల్లలు వేస్తే మా కెమెరాలు ఏం తీస్తాయో నాకు తెలుసు, ఆ సాహిత్యం ఏ షాట్‌లోనూ ఉండదు.

రంగు గురించి ఒక్క ముక్క రాయకుండా ఉండలేను, ఎందుకంటే అది నా చేత్తో చేస్తున్న పని. కొన్నేళ్లుగా అందరికీ సినిమాటిక్ లుక్ కావాలి. ఆ లుక్‌లో ఒంటి రంగు నారింజకు, నీడలు నీలం కలిసిన పచ్చకు జరుగుతాయి. దాంతో పసుపు దంచే రోజున పసుపు పసుపుగా ఉండదు, మామిడాకు తోరణం ఆకుపచ్చగా ఉండదు. మధుపర్కాల తెలుపు మాత్రం కాపాడతాను, అది పోతే పెళ్లిలా ఉండదు. ఇదైనా సర్దుకోవచ్చు. “అమ్మాయి ముఖం కాస్త బ్రైట్ చెయ్యమ్మా” అనే ఫోన్ మాత్రం దాదాపు ప్రతి పెళ్లికీ వస్తుంది. అబ్బాయి ముఖం గురించి అలా అడిగినవాళ్లు నాకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. ముఖానికి మాస్క్ వేసి, అది కదిలినప్పుడల్లా వెంట వెళ్లేలా ట్రాక్ చేసి, తెల్లగా చేస్తాను. అప్పుడు జీలకర్ర బెల్లం ఘట్టం వస్తుంది. అబ్బాయి తల మీద పెట్టిన ఆమె చెయ్యి చామనఛాయలో ఉంటుంది, తెర సెల్లా పక్కకి జరగగానే కనబడే ఆమె ముఖం పాలమీగడలా ఉంటుంది. ఒకే మనిషికి రెండు రంగులు. ఒకసారి ఒక అమ్మాయి ఆల్బమ్ చూసి, “ఈ చెయ్యి మాత్రం నాదే అండీ” అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి అమ్మాయిని నేరుగా అడగకుండా ఆమె రంగు ముట్టుకోవడం మానేశాను. రెండు ఆర్డర్లు పోయాయి, పోనీ అనుకున్నాను.

మళ్లీ మాఘం పెళ్లికి వస్తాను. ఆ పెళ్లికూతురి స్టెప్పును వదిలేయడానికి మనసొప్పలేదు. హాలు చివర ట్రైపాడ్ కెమెరా 4కెలో రికార్డ్ చేసింది, వీడియో ఇవ్వాల్సింది ఫుల్ హెచ్‌డీలో, కాబట్టి రెండింతలు జూమ్ చేసినా బొమ్మ పాడవదు. మూడింతలు చేశాను. బొమ్మలో కాస్త గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టు గరుకు, వచ్చింది, మధ్యలో ఎవరిదో తల అడ్డం వచ్చింది. అయినా పాదాలు ఉన్నాయి, ఆ అడుగు తాళం మీద పడడం కనబడుతోంది. మామూలు వేగంలోనే వదిలేశాను. ఆ ముక్క మిగతా వీడియోలా నున్నగా ఉండదు, తెలిసే పెట్టాను.

వైశాఖంలో ఇంకో పెళ్లి వచ్చింది, గుంటూరు దగ్గర. ఆ ఇంటి ఆడవాళ్లు కోలాటం నేర్చుకున్నారు, ఊళ్లో గుడి ఉత్సవాలకు కూడా వేస్తారట. పెళ్లికూతురు, ఆమె చెల్లెలు, అత్తలు, అరవై దాటిన పెద్దమ్మ. కెమెరా కుర్రాడికి ముందు రోజే చెప్పాను, “రెండడుగులు వెనక్కి వెళ్లు, కెమెరా మోకాలి కిందికి దించు, వైడ్ లెన్సు వెయ్యి, వాళ్లు ఆడుతున్నంతసేపూ నువ్వు కదలకు.” “కదలకపోతే బోర్ కొట్టదా అక్కా?” అన్నాడు. వాళ్లు కదులుతారు కదా అన్నాను.

ఫుటేజ్ వచ్చింది. పట్టుచీరలు కాస్త పైకి దోపుకుని, ఉత్త పాదాలతో, స్టేజీ కింద సిమెంటు నేల మీద. ఎక్కడో దండ తెగినట్టుంది, మల్లెపూలు నేల మీద రాలి ఉన్నాయి, ప్రతి చుట్టుకీ అవి ఇంకాస్త నలుగుతున్నాయి. పెద్దమ్మ ఒక్క అడుగు కూడా తప్పలేదు. పెళ్లికూతురు ఒకచోట తప్పింది, పెద్దమ్మ కోలతో ఆమె మోచేతి మీద చిన్నగా తట్టింది, ఆమె నాలుక కరుచుకుని మళ్లీ అందుకుంది. ఎవరి ముఖానికీ క్లోజప్ లేదు, అయినా ఎవరు ఎవరో తెలిసిపోతోంది. నడకను బట్టి తెలిసిపోతోంది.

డ్రాఫ్ట్ పంపాను. పెళ్లికూతురి అమ్మగారు ఫోన్ చేశారు. “అంతా బాగుందమ్మా, కానీ పూలజడ సరిగా కనబడట్లేదు. రెండు వేల మొగ్గలు పెట్టి అల్లించాం, ఒక్కసారైనా దగ్గరగా చూపించవూ?” అన్నారు. నిజమే, ఆ జడ చాలా బాగుంది, అల్లినవాళ్ల కష్టం అందులో ఉంది. జడ షాట్ ఒకటి తెచ్చి కోలాటం అయిపోయిన తర్వాత పెట్టాను. కోలాటం ముక్క ఇరవై రెండు సెకన్లు. అందులో ఒక్క కట్ కూడా వేయలేదు.